మా ఇంటి సముద్రానికి వడదెబ్బ!

రెండేళ్ల కిందటి మాట. మే నెలాఖరు, రోహిణి కార్తె. బెజవాడ ఎండల సంగతి మీకు వేరే చెప్పాలా? పొద్దున్న పదకొండింటికి కరెంటు పోయింది. ట్రాన్స్‌ఫార్మర్ కాలిందన్నారు, సాయంత్రానికి గానీ రాదన్నారు. మావారు ఆఫీసులో, అమ్మాయి ట్యూషన్‌లో ఉన్నారు. అత్తయ్యగారూ నేనూ విసనకర్రలు పట్టుకుని హాల్లో చాప మీద చేరాం. మాకు ఎదురుగా మూడడుగుల గాజు తొట్టె. అందులో ఉప్పునీళ్లు. ఆ నీళ్లలో రెండు నారింజరంగు క్లౌన్ ఫిష్, రెండు నీలిరంగు డామ్సెల్ చేపలు, ఒక చిన్న రొయ్య.

నాలుగున్నరకి అత్తయ్యగారే ముందు చూశారు. "ఇదేమిటే అమ్మాయ్, చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి?" అన్నారు. లేచి ధర్మామీటరు చూద్దును కదా, 32 డిగ్రీలు! పొద్దున్న కాఫీ తాగుతూ చూసినప్పుడు 28 ఉంది.

నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. మనిషికి వడదెబ్బ తగిలితే ఏం చేస్తాం? చల్లటి నీళ్లు పోస్తాం. నేనూ అదే చేశాను. వీధి చివర జ్యూసు బండి అతని దగ్గర పెద్ద ఐసుగడ్డ కొని తెచ్చి, ముక్కలు కొట్టి తొట్టెలో వేశాను. ముప్పావు గంటలో ధర్మామీటరు 26కి దిగింది. అమ్మయ్య అనుకున్నాను.

రాత్రికి డామ్సెళ్లు రెండూ పోయాయి. తెల్లారేసరికి రొయ్య, ఒక క్లౌన్ కూడా పోయాయి. ఒక్క క్లౌన్ ఫిష్ మాత్రం రాతి పక్కన నక్కి బతికింది.

అమ్మాయి ఏడ్చింది. అది సహజమే. కానీ విన్న చుట్టాలందరూ అడిగిన ప్రశ్న మాత్రం నాకు ముల్లులా గుచ్చుకుంది. "నువ్వు ఇంట్లోనే ఉన్నావుగా, చూసుకోలేదూ?" అన్నారు. తొట్టె ముచ్చటపడి కొన్నది తండ్రీకూతుళ్లు. దాన్ని చూసుకోవలసిన బాధ్యత మాత్రం ఇంట్లో ఉన్న మనిషిది! సరే, ఆ బాధ్యత ఎలాగూ నాదైనప్పుడు సంగతేమిటో పూర్తిగా తెలుసుకుందామని పంతం పట్టాను. రెండు వేసవులు నేర్పిన పాఠాలు మీతో చెప్పుకుంటున్నాను.

ఎంత వేడి సరైనది?

ఉప్పునీటి చేపలకు సాధారణంగా 24 నుంచి 27 డిగ్రీల సెల్సియస్ వరకు మంచిదని చెబుతారు. "మరి లక్షద్వీప్ దగ్గర సముద్రంలో నీళ్లు 28 డిగ్రీలకు పైనే ఉంటాయి కదా, అక్కడ చేపలు బతకడం లేదా?" అని మా అమ్మాయి అడిగింది. మంచి ప్రశ్నే. అక్కడ అంత నీరుంది, అలలున్నాయి. వేడి పెరిగితే చేప ఇంకాస్త లోతుకు పోతుంది. మా తొట్టెలో రాళ్లూ ఇసుకా పోగా ఉన్నవి 160 లీటర్లు. ఎటు పోతుంది పాపం?

సముద్రానికి ఇంకో గుణం ఉంది. దాని వేడి నెమ్మదిగా మారుతుంది. పగలూ రాత్రీ మధ్య పెద్ద తేడా ఉండదు. ఆ చేపల ఒంటికి అలవాటైంది ఆ నిలకడే. చేప ఒంటి వేడి చుట్టూ ఉన్న నీటి వేడిని బట్టే ఉంటుంది. మనలాగా చెమట పట్టి చల్లబడే వీలు దానికి లేదు. అందుకని తొట్టెలో ఒక రోజులో ఒక డిగ్రీకి మించి తేడా రాకుండా చూసుకోవాలి. మా ఊరి ఎండల్లో 25 దగ్గర ఉంచాలని రోజంతా కుస్తీ పట్టేకంటే, 27 దగ్గర స్థిరంగా ఉంచడం మేలని నాకు అనుభవం మీద తెలిసింది.

ఒక్క డిగ్రీకి ఇంత రాద్ధాంతమా అంటారేమో. సముద్రంలో పగడాల సంగతి చూడండి. మామూలు వేసవి వేడికన్నా నీరు ఒక్క డిగ్రీ ఎక్కువై కొన్ని వారాలు అలాగే ఉంటే చాలు, పగడాలు తమలో బతికే నాచును వెళ్లగొట్టి తెల్లగా పాలిపోతాయి. 1998లో, 2010లో, 2016లో లక్షద్వీప్‌లో అదే జరిగింది. 2024లో మళ్లీ జరిగింది. అంత పెద్ద సముద్రానికే తప్పనప్పుడు మన గాజుపెట్టె ఏపాటిది?

నేను చేసిన తప్పు

ఆ రోజు చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచింది వేడికి తాళలేక మాత్రమే అనుకున్నాను. అసలు వాటికి ఊపిరాడలేదు. నీళ్లు వేడెక్కే కొద్దీ వాటిలో ప్రాణవాయువు తక్కువగా కరుగుతుంది. అందులోనూ ఉప్పునీటికి ఆ శక్తి మరీ తక్కువ. 25 డిగ్రీల దగ్గర లీటరు మంచినీళ్లలో 8 మిల్లీగ్రాముల పైచిలుకు కరిగితే, సముద్రపు నీళ్లలో 6.7 దాకానే. 32 డిగ్రీలకు అది 6 దగ్గరకు దిగుతుంది. మరోవైపు వేడికి చేప ఒంట్లో పనులన్నీ వేగం పుంజుకుని దానికి ఇంకా ఎక్కువ గాలి కావాల్సి వస్తుంది. రాబడి తగ్గి ఖర్చు పెరిగిన సంసారం అన్నమాట! దానికి తోడు కరెంటు లేక పంపు ఆగిపోయి, నీళ్లు కదలకుండా ఉండిపోయాయి.

అంటే నేను ముందు చేయాల్సింది నీళ్లను కదిలించడం. చల్లార్చడం ఆ తర్వాత. నేనేమో ఐసు వేశాను. నాలుగైదు గంటల్లో పెరిగిన వేడిని ముప్పావు గంటలో దించేశాను. ఆపైన ఐసు కరిగి నీళ్లలో ఉప్పదనం తగ్గింది. ఆ ఐసు ఏ నీళ్లతో చేశారో, అందులో క్లోరిన్ ఎంతుందో దేవుడికెరుక! మొదటే ఊపిరాడని ప్రాణులకు ఇన్ని దెబ్బలు ఒకేసారి తగిలాయి.

ఐసు తప్పనిసరైతే మూత బిగించిన ప్లాస్టిక్ సీసాలో నీళ్లు గడ్డకట్టించి ఆ సీసాను తొట్టెలో తేలనివ్వాలి. ఒక సీసా వేసి ధర్మామీటరు చూడాలి. గంటకు ఒక డిగ్రీకి మించి దిగుతుంటే సీసా తీసేయాలి. మా ఫ్రీజరులో వేసవంతా నాలుగు సీసాలు సిద్ధంగా ఉంటాయి. ఐస్‌క్రీమ్‌కి చోటు లేదని అమ్మాయి గొణుగుతుంది గానీ వాటి జోలికి మాత్రం పోదు.

కూజా చెప్పిన కిటుకు

మన కూజాలో నీళ్లు ఎందుకు చల్లబడతాయి? మట్టి గోడల్లోంచి ఊరిన చెమ్మ ఆవిరవుతూ లోపలి వేడిని పట్టుకుపోతుంది కనుక. కిటికీలకు కట్టే వట్టివేళ్ల తడికలదీ అదే కిటుకు. చేపల తొట్టెకూ ఇది పనిచేస్తుంది. పైనున్న గాజుమూత తీసేసి, నీటి ఉపరితలం మీదుగా గాలి వీచేలా చిన్న ఫ్యాను బిగిస్తే చాలు. లెక్క ప్రకారం ఒక లీటరు నీరు ఆవిరైతే 100 లీటర్ల నీటిని 5 డిగ్రీలకు పైగా చల్లబరిచేంత వేడి పోతుంది. గది వేడి మళ్లీ చేరుతూనే ఉంటుంది కాబట్టి మనకు చివరికి దక్కేది రెండు మూడు డిగ్రీలు. అది చాలదూ?

మూత తీస్తే సన్నటి వల కప్పడం మరిచిపోకండి. చేపలు పైకి ఎగురుతాయి. ఇంకో సంగతి. గాలి పొడిగా ఉన్న కర్నూలు, అనంతపురం వైపు ఈ పద్ధతి బాగా పనిచేస్తుంది. విశాఖపట్నం, కాకినాడ లాంటి చోట్ల గాలిలో తేమ ఎక్కువ కనుక అంత ఫలితం ఉండదు. తేమగాలి రోజుల్లో కూజా నీళ్లు కూడా అంతగా చల్లబడవు కదా!

ఫ్యాను పెట్టాక వచ్చే చిక్కు ఒకటుంది. పులుసు ఎక్కువసేపు మరిగితే ఏమవుతుంది? నీరు ఇగిరి ఉప్పెక్కుతుంది. అప్పుడు ఎవరైనా ఉప్పు వేస్తారా? నీళ్లు పోస్తారు. తొట్టెలోనూ ఆవిరయ్యేది నీరే, ఉప్పు అక్కడే ఉండిపోతుంది. కాబట్టి తగ్గిన మేరకు ఆర్.ఓ. నీళ్లే పోయాలి, ఉప్పునీళ్లు పోయకూడదు. గాజు మీద నీటిమట్టం దగ్గర చిన్న గీత పెట్టుకుని రోజూ పొద్దున్నే ఆ గీత వరకు నింపితే సరి. ఉప్పదనం కొలిచే హైడ్రోమీటరు 1.023, 1.025 మధ్య చూపించాలి.

చిల్లరు కొనాలా?

చిల్లరు అంటే నీళ్లకు ఫ్రిజ్ లాంటిది. నీళ్లను లోపలికి తీసుకుని చల్లబరిచి పంపుతుంది. పని బాగా చేస్తుంది, కాదనను. ధర మాత్రం తొట్టె ధరకు మించి ఉంటుంది. నీళ్లలోంచి తీసిన వేడిని తెచ్చి మీ గదిలోనే వదులుతుంది కూడా. గాలి ఆడని మూల పెడితే గది వేడెక్కి, ఆ వేడి మళ్లీ తొట్టెకే చేరుతుంది. హాల్లో ఎలాగూ ఏ.సి. నడిచే ఇల్లయితే దాన్ని 26, 27 దగ్గర పెట్టుకోవడంతోనే గడిచిపోవచ్చు.

కొనేముందు ఖర్చులేని పనులు కొన్ని చేసి చూడండి. తొట్టె పడమటి గోడకు ఆనుకుని ఉందా? కిటికీ ఎండ పడుతోందా? వంటింటి సెగ తగులుతోందా? ముందు అక్కణ్ణుంచి మార్చండి. నీళ్లు నిండిన తొట్టె కదలదు కాబట్టి అసలు ఆలోచించాల్సింది పెట్టే ముందే! తొట్టె లైటు మధ్యాహ్నం వేస్తే ఎండవేడికి లైటు వేడి తోడవుతుంది. మేము వేసవిలో సాయంత్రం ఐదింటి నుంచి రాత్రి పదకొండింటి దాకా వేస్తాం. ఇంట్లోవాళ్లంతా చూసేదీ అప్పుడే. నీళ్లలో మునిగి ఉండే పంపులు కూడా వేడి పుట్టిస్తాయి. అవసరానికి మించి పెద్దది కొనవద్దు.

ధర్మామీటర్లు రెండు ఉండాలి. ఒకటి తప్పు చెబితే రెండోది పట్టిస్తుంది. గాజు బయట అంటించే రకానికి గది వేడి కూడా తగులుతుంది. అందుకని నీళ్లలో మునిగేదే నమ్మకం. పొద్దున్న ఆరింటికి, మధ్యాహ్నం మూడింటికి చూసి పాలలెక్క రాసే క్యాలెండరు మీదే రాసేస్తాను. వారం తిరిగేసరికి మీ తొట్టె తీరు మీకే తెలిసిపోతుంది.

చలికాలంలో...

బెజవాడలో మాకు హీటరుతో అంతగా పని పడదు. హైదరాబాదులో ఉన్న మా చెల్లెలికి మాత్రం డిసెంబరు, జనవరి రాత్రుళ్లు హీటరు తప్పదు. హీటర్లకు ఒక జబ్బుంది. లోపలి స్విచ్చి అతుక్కుపోతే ఆగకుండా కాస్తూనే ఉంటుంది. తెల్లారేసరికి చేపలు ఉడికిపోతాయి! ఒక పెద్ద హీటరు బదులు రెండు చిన్నవి పెట్టుకుంటే, ఒకటి అలా మొరాయించినా నీళ్లు అంత తొందరగా వేడెక్కవు. రెండోది చెడినా పూర్తిగా చల్లబడవు. నీళ్లు మార్చేటప్పుడు ముందు హీటరు ప్లగ్గు తీసి, పది నిమిషాలు ఆగి నీళ్లు తోడండి. వేడి గాజు గొట్టం గాలి తగిలి పగిలిపోతుంది.

మార్చే నీళ్లు కూడా తొట్టె నీళ్ల వేడితో సమానంగా ఉండాలి. వేసవిలో మిద్దె మీది ట్యాంకు నీళ్లు ఎలా కాలుతుంటాయో మనకు తెలిసిందేగా. అందుకే ఉప్పు ఒక రోజు ముందే కలిపి ఆ బకెట్టును తొట్టె ఉన్న గదిలోనే ఉంచుతాను. కొత్త చేపను తెచ్చినప్పుడు దాని సంచిని ఇరవై నిమిషాలు తొట్టెలో తేలనిచ్చి, ఆ తర్వాత నెమ్మదిగా మన నీళ్లకు అలవాటు చేయాలి.

కరెంటు పోతే?

ఇన్వర్టరు ఉంటే దానికి చిల్లరు తగిలించకండి, కాసేపటికే బ్యాటరీ దిగిపోతుంది. నీళ్లు కదిలించే పంపు, చిన్న ఫ్యాను తగిలించండి. ఇన్వర్టరు లేకపోతే బ్యాటరీతో నడిచే గాలిపంపు ఒకటి కొని పెట్టుకోండి. ఆ పూట మేత వేయకండి. తిన్నది అరిగించుకోవడానికీ ప్రాణవాయువు కావాలి. మిగిలిన మేత కుళ్లితే దానికీ కావాలి.

అవేవీ లేకపోతే? దీనికి జవాబు నాకు 180 ఏళ్ల నాటి ఒకావిడ కథలో దొరికింది. అన్నట్లు, ఈ గాజుతొట్టెల చరిత్రలో మొదటి పేజీల్లో ఉన్నది ఆడవాళ్లే! ఫ్రాన్సులో బట్టలు కుట్టి బతికి, పెళ్లయ్యాక సిసిలీ దీవికి వెళ్లిన జాన్ విల్‌ప్రో పవర్ 1832లోనే సముద్రజీవుల్ని గాజుతొట్టెల్లో పెట్టి పరిశీలించింది. ఆనా థిన్ అనే ఆవిడ 1846లో ఇంగ్లండు తీరంలోని టోర్క్వే నుంచి పగడపు జీవుల్ని జాడీలో పెట్టుకుని లండన్‌లోని ఇంటికి తెచ్చుకుంది. అప్పుడు పంపులెక్కడివి? తెరిచిన కిటికీ దగ్గర ఆ నీళ్లను ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి రోజూ అరగంటకు పైగా తిరగబోయించేదట. ఆ తిరగబోసే పని పనిమనిషి మీద పడేదట లెండి. ఏ దేశమైనా అంతే!

ఇది చదివి నవ్వుకున్నాను. మనం కాఫీ చల్లార్చేటప్పుడు చేసేదీ ఇదే కదా! గ్లాసులోంచి డబరాలోకి, డబరాలోంచి గ్లాసులోకి. నీళ్లు ధారగా పడేటప్పుడు గాలిని కలుపుకుంటాయి, కాస్త చల్లబడతాయి కూడా. శుభ్రమైన ప్లాస్టిక్ మగ్గుతో తొట్టెలోని నీళ్లనే తీసి జానెడు ఎత్తునుంచి మళ్లీ పోస్తూ ఉండాలి. సబ్బు తగిలిన మగ్గు, రాగి చెంబు వద్దు. ఉప్పునీళ్లలో కరిగిన రాగి కొంచెమైనా రొయ్యల్లాంటి వాటికి విషం.

ఇవన్నీ ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి తొట్టె పక్కన అంటించాను. "నీళ్లు 29 దాటితే ఇది. కరెంటు పోతే ఇది. ఐసు నేరుగా వేయవద్దు." ఇంట్లో ఉన్నది ఎవరైనా చదివి చేసేలా.

పోయిన మేలో మా అమ్మకు ఒంట్లో బాగాలేక నేను పది రోజులు తెనాలి వెళ్లాను. ఆరో రోజు మధ్యాహ్నం అత్తయ్యగారు ఫోను చేశారు. రెండు గంటలుగా కరెంటు లేదట, గాలిపంపులో బ్యాటరీ కూడా అయిపోయిందట. నా గుండె జారింది. "కంగారుపడకు. నువ్వు రాసిన కాగితం చూసే చేస్తున్నాం. నేనో పావుగంట, నీ కూతురో పావుగంట పోస్తున్నాం. ఇప్పుడు 29 చూపిస్తోంది, సీసా వేశాం" అన్నారు. మావారు సెలవు పెట్టి బ్యాటరీలు కొనుక్కుని ఇంటికి బయల్దేరారట. సాయంత్రం మళ్లీ ఫోను చేసి "అన్నీ తిరుగుతున్నాయి. నా భుజమే పట్టేసింది. కాగితంలో దానికేం రాయలేదేం?" అన్నారు. ఒక్క చేపా పోలేదు.

కొనాలనుకుంటున్నారా?

సముద్రంలోంచి పట్టి తెచ్చినవాటికన్నా హేచరీలో పుట్టినవాటిని అడిగి తీసుకోండి. క్లౌన్ ఫిష్ పిల్లల్ని పెంచే పద్ధతులను మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ఎప్పుడో రూపొందించింది. ఇలా పెంచిన చేపకు తొట్టె జీవితం పుట్టుకతోనే అలవాటు. బతికిన పగడాలు, సముద్రపు గుర్రాలు ఎవరైనా అమ్మజూపినా కొనకండి. 2001 నుంచి అవి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న ప్రాణులు.

ఇంకొక్క మాట. తొట్టె కొనకముందే, అది పెట్టాలనుకున్న చోట ఒక పెద్ద బకెట్టు నిండా నీళ్లు పెట్టి, అందులో ధర్మామీటరు వేయండి. మే నెలలో ఒక వారం, పొద్దునా మధ్యాహ్నమూ చూసి రాసుకోండి. బకెట్టు 33 చూపించే ఇంట్లో తొట్టె కూడా, పంపులూ లైట్ల వేడితో కలిపి, అంతకు తగ్గదు. దాన్ని 27కి దించడానికి ఎంత ఖర్చు, ఎవరి చాకిరీ అన్నది ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోండి. మధ్యాహ్నం మూడింటికి ధర్మామీటరు ఎవరు చూస్తారో కూడా అప్పుడే తేల్చుకోండి. ఆ తర్వాతే దుకాణానికి బయల్దేరండి.